మామ కోసి పెట్టిన పట్టీ

వేలెడు వెడల్పు కూడా లేని తోలు పట్టీ ఒకటి ఇన్నేళ్లుగా నా మీద బరువై కూర్చుంది. అది ఇప్పుడు లేదు. కోట కందకంలో ఎప్పుడో కుళ్లిపోయి ఉంటుంది. అయినా ప్రతి నెలా మొదటి ఆదివారం, మా క్రైస్తవ గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నాడు, రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడుస్తుంటే అది నా చొక్కా జేబులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. చెయ్యి దానంతట అదే జేబు తడుముకుంటుంది.

నా పేరు చెప్పను. బీదరులో మా సంఘం వాళ్లు ఇది చదివితే పేరు లేకపోయినా గుర్తుపడతారు. పట్టనివ్వండి. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాటలు నా గొంతు దాటవని నాకు తెలుసు.

అప్పటికింకా ఇది మైసూరు రాష్ట్రం. ఊరి నడిమధ్య చౌబారా బురుజు దగ్గర మా మేనమామ సామేలుకు తోలు దుకాణం ఉండేది. బెల్టులు, ఎడ్ల మెడపట్టీలు, కత్తుల ఒరలు కుట్టేవాళ్లం. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఇరవై దాటాక కూడా ఆయన పక్కనే కూర్చుని కుట్టేవాణ్ణి. ఆయన కూతురు ఎస్తేరును నాకివ్వాలని ఇంట్లో మాటయింది. మామ ఒకప్పుడు బాగా తాగేవాడు. ఎస్తేరు తల్లి పోయాక మానేశాడు. మానేశాడని అందరూ విన్నారు. నమ్మినవాళ్లు తక్కువ.

నర్సింలుది కుశనూర్. లారీ డ్రైవరు. మన్నాఏఖేళ్ళి మీదుగా హైదరాబాదుకు సరుకు తోలేవాడు. లోడు తాళ్లు కోసుకోవడానికి, లారీ కమాను ముక్కతో కమ్మరి దగ్గర జానెడు కత్తి చేయించుకున్నాడు. దాన్ని బెల్టుకు తగిలించుకునే ఒర కావాలని వచ్చాడు. నవ్వు మొహం. నోరు ఊరుకోదు.

"సామేలయ్యా, నీ చేత్తోనే కుట్టాలె. గీ అల్లుడు కుడితే కత్తికంటె ముందు నా లాగు జారిపోతది," అన్నాడు.

దుకాణం ముందున్న వాళ్లంతా నవ్వారు. మామా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు ఉండిపోయిందో నాకింకా గుర్తుంది.

మామ కత్తిని నూనె గుడ్డతో తుడిచి, తోలు మీద పెట్టి, చుట్టూ గీత గీసి ఒరముక్క కోశాడు. తరువాత అదే తోలులోంచి ఒక సన్నని పట్టీ కోశాడు. ఒర అంటే మడిచి కుట్టిన తోలే కదా అనుకుంటారు చూసేవాళ్లు. ఆ మడత రెండు పొరల మధ్య, కుట్టు పడే అంచు పొడవునా, ఈ పట్టీ ఉండాలి. కత్తి వాదర దాని మీద ఆనుతుంది. పట్టీ లేకపోతే వాదర నేరుగా దారం మీద ఆనుతుంది. తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా, లోపలి నుంచి ఒక్కో పోగూ తెగుతుంది. బయటికి ఏమీ కనపడదు.

"రేపు ధన్నూరల పెండ్లికి వోతున్న. కుట్టుడు నేనొచ్చినంక జూస్త. నువ్వు ముట్టకు," అని, పట్టీని ఒరముక్కలో చుట్టి నా ముందే పెట్టాడు.

ఆయన వెళ్లాక నేను కుట్టాను.

నర్సింలు తొందరపెట్టాడని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అతను ఆ రోజు రానే లేదు. తోలుకు బొక్క పెట్టే ఆరెను మూడు పొరల్లో దించడం కష్టం, చెయ్యి నొచ్చిందని కూడా చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటి? పట్టీ పెట్టి చూశాను. ఒర అంచు మొద్దుగా, మామ ఒరల్లాగే, పాతకాలపు దానిలా కనిపించింది. తీసేసి చూశాను. పల్చగా, నున్నగా, పట్నం దుకాణాల అద్దాల వెనక వేలాడే దానిలా ఉంది. మామ కుట్టిన దానికంటే అందంగా ఉండాలనుకున్నాను. నవ్విన వాళ్లకు అది చూపించాలనుకున్నాను. పట్టీని జేబులో వేసుకున్నాను.

మరునాడు పొద్దున్నే నర్సింలు వచ్చాడు. మామ పెండ్లి నుంచి రాత్రి తిరిగొచ్చి, తెల్లవారగానే తోళ్ల కోసం బయటికి వెళ్లాడు. నర్సింలు ఒరను అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్లు మెరిశాయి.

"చెయ్యంటె గిది! ఎప్పుడు కుట్టిండు?"

నేను కుట్టానని చెప్పవచ్చు. అందుకే కదా కుట్టింది. కానీ చెబితే వెంటనే తిప్పి చూస్తాడు, పెదవి విరుస్తాడు, మామ వచ్చిందాకా ఆగుతానంటాడు అనిపించింది.

"రాత్రి పెండ్లికాంచి వచ్చి కుట్టిండు," అన్నాను.

"సూసి నేర్చుకో, అల్లుడా," అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

మామ వచ్చి అడిగితే మాత్రం నేనే కుట్టానన్నాను. పట్టీ పెట్టినవా అన్నాడు. పెట్టిన అన్నాను. ఒకరికి ఒక అబద్ధం, ఇంకొకరికి ఇంకొకటి. రెండూ ఎక్కడా కలవవనుకున్నాను.

ఇంతవరకు చెప్పింది పొగరు. ఇకమీద చెప్పబోయేదానికి పేరు నాకు దొరకలేదు.

కొన్ని వారాల తరువాత చౌబారా చాయ దుకాణంలో నర్సింలు పక్కనే నిలబడ్డాను. అతని నడుము నా కళ్ల ముందుంది. ఒర మూతి దగ్గర, అంచున, దారం కొస ఒకటి తెల్లగా పైకి లేచి ఉంది. అది ఏమిటో నాకు తెలుసు. ఒక పోగు తెగిందంటే కింద ఎన్ని తెగి ఉంటాయో కూడా తెలుసు. "అన్నా, ఒర ఇటియ్యి, రెండు కుట్లేసిస్త" అంటే చాలు. ఇంకేమీ ఒప్పుకోనక్కర్లేదు కూడా. నేను చాయ తాగాను. గ్లాసు పెట్టేశాను. అతనేదో జోకు వేస్తే నవ్వాను. ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ అడుగుతుంటాను. చేతిలోకి తీసుకుంటే మామ చూస్తాడనా? లేక, ఏదైనా జరగనీ అని నాలో ఎవడో అనుకున్నాడా? రెండోది కాదని ఒట్టు వేయలేను.

మన్నాఏఖేళ్ళిలో బెల్లం లోడు మీద నుంచి జారి, నర్సింలు కూర్చున్నట్టే నేలమీద పడ్డాడు. చిన్న ఎత్తే. లేచి నవ్వబోయాడట. కత్తి అంచు కుట్టును చీల్చుకుని తొడలోకి దిగింది. దవాఖానకు చేరేలోపే రక్తమంతా పోయింది.

అతని భార్య లచ్చమ్మ దుకాణానికి వచ్చింది. ఒరను ఒక పాత గుడ్డలో చుట్టి తెచ్చింది. నల్లగా గట్టిపడిపోయింది ఆ తోలు. మామ దాన్ని తీసుకుని అంచు మీద బొటనవేలు నడిపాడు. మూడు పొరలు తగలాల్సిన చోట రెండే తగిలాయి. తలెత్తి నన్ను చూశాడు.

"పట్టీ ఏడవోయింది, అల్లుడా?"

నా నోరు నాకంటే ముందు పలికింది.

"నాకేమెర్క మామా? పెండ్లికాంచి వచ్చి నువ్వే గద కుట్టింది."

"ఔ, మావోడు గట్లనే చెప్పిండు," అంది లచ్చమ్మ. గొంతు పెంచలేదు. "నీ చెయ్యి మీద భరోసాతోని కట్టుకున్నడు. తాగొచ్చి కుట్టినవా, సామేలయ్యా?"

వెనక గదిలో ఎస్తేరు గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. మా పెండ్లి ప్రకటన ఆ ఆదివారమే గుడిలో మొదటిసారి చదివారు. ఆయన ఆ గది వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు.

"నా దుకాణంల కుట్టింది. తప్పు నాదే, బిడ్డా."

అంతే. ఆ సాయంత్రం మామ తోలుముక్కల గంపను కుమ్మరించి చాలాసేపు వెతికాడు. పట్టీ నా జేబులో ఉంది. చీకటి పడేలోపు వెళ్లి కందకంలో విసిరేశాను.

సంఘ పెద్దలు మామను పిలిచి అడిగారు. ఆయన తాగలేదని మాత్రం చెప్పాడు. ఎవరు కుట్టారో చెప్పలేదు. తాగి ఒక మనిషి చావుకు కారణమయ్యాడని, పశ్చాత్తాపపడి ఒప్పుకునేదాకా ఆయనకు బల్ల ఆపేశారు. చేయనిదాన్ని ఎలా ఒప్పుకుంటాడు? మొదటి ఆదివారాల్లో ఆఖరి బెంచీమీద కూర్చునేవాడు. పళ్లెం ఆయన్ని దాటి పోయేది. నా దగ్గరికి వచ్చేది. నేను తీసుకునేవాణ్ణి. నోట్లో పెట్టుకుని, ఏదో జరుగుతుందని కళ్లు మూసుకునేవాణ్ణి. ఏమీ జరిగేది కాదు. అది ఇంకా భయంగా ఉండేది.

మా పెండ్లి ఆగలేదు. కానీ ఎస్తేరు ఆయనతో మాట తగ్గించింది. "అమ్మ మీద ఒట్టువెట్టినవ్ గద, నాయనా," అని ఒకసారి నా ముందే అంది. మామ తలవంచుకుని దారానికి మైనం పట్టిస్తూ ఉండిపోయాడు. ఆ తరువాత ఎవరి ఒర కుట్టినా, పట్టీ కోసి నా చేతిలో పెట్టి, నేను దాన్ని రెండు పొరల మధ్య సర్దేదాకా పక్కనే నిలబడేవాడు. అది క్షమించడమా? ఎదురుచూడటం అనుకుంటాను. బల్లకు దూరంగానే చనిపోయాడు. తరువాత కొన్నేళ్లకు సంఘం నన్ను ఒక పెద్దగా ఎన్నుకుని, అదే పళ్లెం నా చేతికిచ్చింది.

ఇంతవరకు రాసి లేచాను. ఎస్తేరు వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. పట్టీ, దారం కొస, నేనాడిన మాట, అన్నీ. చేటలో ఆమె వేళ్లు ఆగాయి.

"గా రాత్రి మా నాయన తాగలేదా?"

"తాగలే."

"ఎన్నడన్న తాగిండా, అటెన్క?"

"లేదు."

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. చేట పక్కన పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా, నన్ను దాటి సమాధుల తోట వైపు వెళ్లింది. వెంట వెళ్లే హక్కు నాకు లేదు. లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. లచ్చమ్మ కుశనూర్‌లో ఉందని విన్నాను. ఆమెకు చెప్పాలి. సంఘం ముందు నిలబడి చెప్పాలి. రేపు మొదటి ఆదివారం. పళ్లెం నేను పట్టను.

ఆ ఒర కుట్టింది నేను. సామేలు కాదు.

పొద్దు వాలుతోంది. ఎస్తేరు ఇంకా రాలేదు. తలుపు తీసే ఉంచాను. ఇందాకటి నుంచి నా చెయ్యి జేబు వైపు పోలేదు.