పెద్ద హీరో చివరిచూపు

మా చుట్టాల్లో ఎవరి పెళ్లి జరిగినా, ఎవరి పిల్లలకు పుట్టువెంట్రుకలు తీసినా, భోజనాలయ్యాక మా నాన్న, అంటే మా బాపు, ఈ కథ ఎత్తుకుంటాడు. ఎత్తుకున్న ప్రతిసారీ అందులో నా తెలివితక్కువతనం ఒక జానెడు పెరుగుతుంది. మొన్న చెప్పినప్పుడైతే నేను సినిమా హాల్లో మూర్ఛపోయాను కూడా. ఇంకో నాలుగు పెళ్లిళ్లు జరిగితే నా గతి ఏమిటో తలచుకుంటేనే గుబులుగా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెడుతున్నాను. (ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో నేను చదివిన ఆత్మకథలు చాలావాటిలో, ఎందుకు రాయవలసి వచ్చిందో ముందే చెప్పుకున్నారు. ఆ మర్యాద నేనూ పాటించాను.)

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఇంటర్‌తో చదువు ఆపేసి ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో పనికి కుదిరాను. మధ్యాహ్నం కంపెనీ బస్సు వచ్చేదాకా ఖాళీ. ఆ ఖాళీ అంతా గ్రంథాలయానిదే. అట్టలూడిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలు వరుసపెట్టి చదివి, కాలం గురించీ కాంతివేగం గురించీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. "నువ్వు పుస్తకం పట్టుకపోతే వాపస్ తెచ్చేదాక నాకు ఫికరే. పుస్తకం గురించి కాదు, ఊరోళ్ల గురించి," అనేవాడు లైబ్రరీ సారు.

అప్పుడే వచ్చింది ఆ సినిమా. ఒకప్పటి పెద్ద హీరో, ఇప్పటి కుర్ర హీరో కలిసి నటించారు. కుర్ర హీరో కాలయంత్రంలో భవిష్యత్తు నుంచి వచ్చి పెద్ద హీరోను కలుస్తాడన్నమాట. మా బాపుకు పెద్ద హీరో అంటే ప్రాణం. వయసులో ఉండగా టికెట్ల లైనులో జరిగిన తొక్కిసలాటలో ఎడమ కనుబొమ్మ చిట్లితే, ఆ మచ్చను ఇప్పటికీ పతకంలా చూపిస్తాడు. ఆ హీరో కాస్తా తండ్రి వేషాలు కట్టడం మొదలుపెట్టాక బాపు అలిగి హాలు మొహం చూడలేదు. అలాంటిది, "మావోడు మళ్ల ఫైటింగులు చేస్తుండంట. ఆయితారం మ్యాట్నీకి తోల్కపోతవా?" అని నన్నడిగాడు. బాపు తన కోసం నన్నొకటి అడగడం అదే మొదటిసారి. తెల్లచొక్కా అప్పుడే ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

ఆదివారం దాకా ఆగే ఓపిక నాకు లేకపోయింది. కాలయంత్రం సినిమాను నాకంటే ముందు ఇంకెవరో చూసి నాకే వివరిస్తే బతికేదెట్లా? శుక్రవారం పొద్దుటి ఆటకు ఒక్కణ్ణే వెళ్లాను. అభిమానుల పాలాభిషేకాలతో ఆట గంటకు పైగా ఆలస్యమైంది. ఇంటర్వెల్ పడేసరికి బస్సుకు వేళయింది. మనసు లోపల వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ సెల్‌ఫోనూ మైకూ పట్టుకుని, సినిమా చూసినవాళ్ల మాటలు వీడియో తీసే అన్న ఒకడు నిలబడి ఉన్నాడు. గడియారం ప్రకారం ఆట అయిపోయి ఉండాలి కాబట్టి, అయిపోయిందనే అనుకున్నట్టున్నాడు.

"అన్నా! ఫస్ట్ బయటికొచ్చింది నువ్వే. క్లైమాక్స్ ఎట్లుంది?"

సగమే చూశానంటే మైకు వెనక్కి పోతుంది. జీవితంలో మొదటిసారి నా అభిప్రాయం ఒకరు తమంతట తాము అడిగారు. గొంతు సవరించుకుని పుస్తకభాషలో మొదలుపెట్టాను. "భవిష్యత్తు నుంచి ఒక మనిషి గతంలోకి వస్తే కాలం లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేయాలంటే ఒకరు పోవాలి. పెద్ద హీరో ప్రాణత్యాగం చేస్తాడు. శాస్త్రప్రకారం వేరే దారి లేదు. కన్నీళ్లు ఆగవు." (చివరి మాట ఏ పుస్తకంలోదీ కాదు, నా సొంతం.)

మర్నాడు పొద్దున లేచేసరికి బాపు మంచం మీద కూర్చుని అమ్మ ఫోన్‌లో నన్నే చూస్తున్నాడు. "మస్తు మాట్లాడినవ్ బిడ్డా. వాడకట్టంత చూపిచ్చిన, మా పోరడు ఎంత సదివిండో సూడుండ్రి అని." నా గుండె ఉప్పొంగింది. అంతలో బాపు ఇస్త్రీ చొక్కా తీసి పెట్టెలో పెట్టేశాడు. "రేపు నేను రాను. మావోడు సచ్చుడు నా కండ్లతోని సూడలేను."

అప్పుడు పట్టుకుంది నాకు భయం. నిజంగా చచ్చిపోతాడా? వీడియో కింద జనం రాసిన అభిప్రాయాలన్నీ వెతికాను. పెద్ద హీరో అభిమానులు "మావాడికి చావు లేదు, నీకుంది" అన్నారు. కుర్ర హీరో అభిమానులు "కరెక్ట్ చెప్పినవ్ బ్రో, ముసలాయన ఔట్" అన్నారు. ఒకాయన ఇద్దరూ పోతారన్నాడు. ఇంకొకాయన తన ఊళ్లో వాన పడుతోందని రాశాడు. ఇంతమంది చూసిన సినిమాకు ముగింపేమిటో చెప్పే మనిషి ఒక్కడు లేడు. సగమే చూశానని ఒప్పుకుందామంటే, వాడకట్టంతా తిరిగి చూపించిన బాపు మొహం అడ్డొచ్చింది.

చివరికి అమ్మే తేల్చింది. పప్పులో పోపు వేస్తూ, ఇటు తిరగకుండానే, "గంత పానం అంటివి. సచ్చిపోతే మాత్రం? చివరిచూపుకన్న పోవాలె గద," అంది.

బాపు ఆలోచించాడు. "అవ్, గది నిజమే," అన్నాడు.

ఆదివారం బాపు పరామర్శకు బయల్దేరినట్టే బయల్దేరాడు. భుజాన తువ్వాల, గంభీరమైన మొహం. తెరమీద పెద్ద హీరో కనిపించగానే హాలంతా ఈలలు వేస్తే బాపు ఒక్కడే నిట్టూర్చాడు. "ఎంత మంచిగ నడుస్తుండు. పాపం, ఆయనకు తెల్వది." ఇంటర్వెల్‌లో సమోసా తెస్తానంటే, "ఇసొంటప్పుడు తింటరారా?" అన్నాడు.

రెండో సగం మొదలైంది. నేనూ బాపూ ఇద్దరం తెలియని దారిలో పడ్డాం. ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు. పెద్ద హీరో బతికితే నేను అబద్ధాలకోరును. చస్తే బాపు గుండె పగులుతుంది. ఏ దేవుడికి ఏమని మొక్కాలో తేలలేదు. ఉన్నట్టుండి తలుపు బద్దలుకొట్టుకుని ఒక ఇనుప మనిషి దూకాడు. నేను కెవ్వుమని బాపు చెయ్యి పట్టుకున్నాను.

బాపు మెల్లగా నా వైపు తిరిగాడు. "ఒకపారి సూసినోడు గట్ల ఉలికిపడతడారా?"

నేను బాపు చెయ్యి వదిలేసి తెర వైపు తిరిగాను.

చివరికి పెద్ద హీరో మండుతున్న కాలయంత్రంలోకి నడిచాడు. తలుపు మూసుకుంది. బాపు తువ్వాల మొహానికి కప్పుకున్నాడు.

"పోయిండా?"

"తెల్వది బాపూ."

"తెల్వదేందిరా? కన్నీళ్లు ఆగయంటివి?"

"నేను ఇంటర్వెల్ దాకనే సూసిన."

సరిగ్గా అప్పుడు పొగలోంచి పెద్ద హీరో చొక్కా దులుపుకుంటూ బయటికొచ్చాడు. (ఎలా వచ్చాడో నేటికీ నాకు అంతుపట్టలేదు. శాస్త్రప్రకారం కుదరదు.) "బతికిండు బాపూ!" అని అరిచాను. బాపు తువ్వాల లాగేసి, దాంతోనే నా వీపున ఒకటి చరిచి, కుర్చీ మీదికెక్కి ఈల వేశాడు. మా బాపుకు ఈల వేయడం వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

గేటు దగ్గర మళ్లీ ఆ మైకు అన్నే. నన్ను చూసి తిట్టబోయి, బాపు ముందు మైకు పెట్టాడు. ఇప్పుడు నా బండారం లోకానికి తెలుస్తుందని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను. బాపు గొంతు సవరించుకున్నాడు. అచ్చం నాలాగే.

"సిన్మ మంచిగుంది. ఆఖరిదాక సూడుండ్రి," అన్నాడు. అంతే.

ఆ వీడియోను మా చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు. నేనైతే ఇప్పటికీ చూస్తుంటాను. అందులో బాపు వెనక, వీపు రుద్దుకుంటూ, అన్నీ తెలిసినట్టు మొహం పెట్టి నిలబడ్డ ఇరవై రెండేళ్ల కుర్రాడు కనిపిస్తాడు. వాడికి ఎన్నో చెప్పాలనిపిస్తుంది, వింటాడా? వాడి దగ్గర అన్నిటికీ పుస్తకం ఉంది.

ఈ జ్ఞాపకం ఇలా మిగలడానికి కారకులైన లైబ్రరీ సారుకు, నా కోసం ఆగని కంపెనీ బస్సు డ్రైవరన్నకు, నన్ను మొదటగా అడిగిన మైకు అన్నకు, చివరిచూపు సంగతి గుర్తుచేసిన అమ్మకు కృతజ్ఞతలు. బాపుకు వేరుగా చెప్పాలి. ఇది రాసి ముందు ఆయనకే చదివి వినిపించాను. సగం అయ్యాక మంచినీళ్లకు లేవబోతే తువ్వాల తీశాడు.

"కూసో. ఆఖరిదాక సదువు."