జాజియా నీళ్లమీద తేలిన వేసవి

మా తోడికోడలు జాజియా నాకంటే చాలా పెద్దది. నేను ఆ ఇంట్లో కాలుపెట్టేనాటికే ఆమె నడుం వంచి సముద్రపు నేలను తవ్వుతోంది. గాబెస్ ఖాతంలో మా వైపు, ఆటు వచ్చిందంటే సముద్రం చూపుకి ఆననంత దూరం వెళ్లిపోతుంది. అది వదిలిపెట్టిన తడినేల మీద చలికాలమంతా ఆడవాళ్లు చిన్న కొడవళ్లతో గుల్లలు తవ్వుతారు. సూది గుచ్చినట్టు రెండు కన్నాలు పక్కపక్కన కనిపిస్తే, కింద గుల్ల ఉన్నట్టు. ఆ కన్నాలు కనిపించాలంటే తల వంచాలి, నడుం వంచాలి, పొద్దు ఎక్కడుందో చూడకుండా నడుస్తూ పోవాలి.

జాజియాకి ఆ పనిలో ఒక మత్తుండేది. మంచులో మనిషి కనిపించేది కాదు, కొడవలి గీరిన చప్పుడే వినిపించేది.

"ఏ లోకంలో ఉన్నావక్కా?" అనేదాన్ని.

"ఇక్కడే ఉన్నాలే. నేల ఏదో గొణుగుతోంది, వింటున్నా."

ఒక ఫిబ్రవరి పొద్దున, గుల్లల గోనె ఎత్తి గాడిదబండిలో వేయబోతూ సగంలో ఆగిపోయింది. చేతుల్లో గోనె అలాగే ఉంది, నడుం అలాగే వంగి ఉంది. కింద ఏదో వెతుకుతోందనుకున్నాను.

"ఏం పోయిందక్కా?"

"నేనే పోయాను," అంది మెల్లగా. "ముట్టుకోకు నన్ను."

నడుంలోంచి ఎడమ పిక్క దాకా నిప్పుతీగ లాగినట్టయిందట. ఎలా వంగి ఉందో అలాగే ఆమెను బండెక్కించి ఇంటికి తెచ్చాం.

మా అత్త తౌస్ వెచ్చటి ఆలివ్ నూనె రాసి, ఉన్ని శాలువాతో నడుం బిగించి కట్టి, లోపలి గదిలో పరుపు మీద పడుకోబెట్టింది. "కదిలావంటే నామీద ఒట్టే. బీటిచ్చిన కుండని అతుకు ఆరేదాకా ముట్టుకోకూడదు."

జాజియా కదల్లేదు. బాదంపూలు పూసి రాలిపోయాయి. నేను బార్లీ రొట్టె, పులుసు తీసుకెళ్లి నోటికందించేదాన్ని. ఆ రోజుల్లో తనకి నిద్రకీ మెలకువకీ మధ్య గోడ కూలిపోయిందని తర్వాత చెప్పింది. కళ్లు మూస్తే తన వీపే ఆ తడినేల అయ్యేదట. దానిమీద మేమంతా కొడవళ్లు పట్టుకుని వరసగా నడిచేవాళ్లమట. "నువ్వు మాత్రం జాగ్రత్తగా అడుగేసేదానివిలే," అంది నాతో.

మంట కాస్త చల్లారింది, కానీ మనిషి లేవలేకపోయింది. కాళ్లు రెల్లుపుల్లల్లా అయ్యాయి.

ఆమె మొగుడు లామీన్‌కి ఒక చిన్న పడవుంది. మాటలు తక్కువ మనిషి. ఒకరోజు ఎవరినీ అడక్కుండా ఊరి టాక్సీని గుమ్మం ముందుకు తెచ్చి పెట్టాడు.

"లే. పట్నం ఆసుపత్రికి పోదాం."

"అత్తమ్మకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఇంకా అంటూనే ఉంది."

నేనూ వెంట వెళ్లాను. డాక్టరు చూసి ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ రబాబ్ అనే ఆవిడ ఉంది. పడవలు లాగే వాళ్లకున్నంత భుజాలు, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతు. జాజియా కాలు ఎత్తి చూసింది, మోకాలు తట్టింది, మడమల మీద నిలబడమంది, వెన్నంతా వేళ్లతో నిదానంగా తడిమింది.

"ఏమీ విరగలేదు తల్లీ."

"మరి ఈ నొప్పి అబద్ధమా?"

"నిజమే. నరం దగ్గర వాచింది. ఆ వాపు చాలావరకు తగ్గింది. ఇప్పుడు నీ కండలు భయపడి బిగుసుకుపోయాయి, పని మర్చిపోయాయి. మెల్లగా కదిపితే గుర్తు తెచ్చుకుంటాయి."

"కదిపితే విరగదు కదా?"

"నువ్వేమన్నా కుండవా?"

"మా అత్త కుండనే అంటుంది," అంది జాజియా. రబాబ్ నవ్వాపుకుంది.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుముకి నేలకీ మధ్య సందుని నొక్కి వదలడం మొదటి పని. తర్వాత పిర్రలు పైకెత్తి దించడం. మోకాళ్ల మీదా చేతుల మీదా ఆని, పిల్లిలా వీపుని పైకి విరిచి కిందికి జార్చడం. రోజూ కాస్త నడక. మొదటిసారి పిర్రలెత్తినప్పుడు కాళ్లు గజగజ వణికాయి. జాజియా ఏడ్చింది. నొప్పికి కాదు, ఆ వణుకు చూసి సిగ్గేసి.

ఇంటికొచ్చాక పెరట్లో చాప పరిచింది. అత్త చిక్కుళ్లలాంటి బాకలా కాయలు ఒలుస్తూ చూస్తోంది.

"ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే? పట్టపగలు ఆ పిల్లివేషాలేంటి?"

జాజియా లేవబోయింది. వల బాగుచేసుకుంటున్న లామీన్ దాన్ని పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కనే చాపమీద పడుకున్నాడు. మోకాళ్లు మడిచి నడుం పైకెత్తాడు. మోకాళ్లు టపటపమన్నాయి.

అత్త ఒలవడం ఆపింది. "ఒకరనుకుంటే ఇద్దరయ్యారు. ఇక ఈ ఇంట్లో నిలబడేది నేనూ, గాడిదా."

జాజియాకి నవ్వొచ్చింది. నవ్వితే నడుం కలుక్కుమంది, అయినా నవ్వు ఆగలేదు. ఆ గదిలోంచి లేచాక ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

దారి తిన్నగా సాగలేదు. ఒక పెళ్లిలో కుస్కుస్ రవ్వన్నం వండిన పెద్ద గిన్నె పట్టి లేపి మళ్లీ మంచమెక్కింది. "నా వల్ల కాదని చెప్పెయ్," అంటూ గోడవైపు తిరిగింది. నేను ఫోన్ చేస్తే రబాబ్ గొంతు పెంచలేదు. "కాలు మొద్దుబారిందా? లేదు కదా. రెండు రోజులు తక్కువ చెయ్యమను. మానొద్దను," అంది.

ఎండలు ముదిరాక నీళ్లలో నడవమంది. అప్పుడు తట్టింది మాకు: పుట్టిన్నాటి నుంచీ సముద్రం మీదే బతుకుతున్నా మా ఆడవాళ్లం ఎవ్వరం మోకాలు దాటి దిగలేదు. ఈత సంగతి సరేసరి. పోటు వచ్చే పొద్దున్న వేళ, కట్టుబట్టలతోనే ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగాం. నీళ్లు నడుం దాటి, రొమ్ము దాటి వచ్చాయి. జాజియా ఒక్కసారి ఊపిరి వదిలింది. "బరువు లేదే," అంది. "ఎవరో ఎత్తుకున్నట్టుంది."

సెలవునాడు చేపలకూర తినడానికి పిలిస్తే రబాబ్ మా ఇంటికొచ్చింది. భోజనానికి ముందు తనూ నీళ్లలో దిగింది. జాజియా నడుం కింద అరచెయ్యి పెట్టి, "వెనక్కి వాలు, తల నీళ్లకి అప్పగించు," అంది. జాజియా మెడ బిగించింది. మళ్లీ వదిలింది. చెవులు మునిగాయి. ఎర్రటి చుట్టుబట్ట నీళ్లమీద పువ్వులా విచ్చుకుంది.

కాసేపటికి తనే అంది, "ఇక తియ్యి చెయ్యి."

రబాబ్ తీసింది.

చెవుల్లో ఇసకరేణువులు దొర్లిన చప్పుడట, ఎక్కడో దూరాన పడవ ఇంజను గుండెలా కొట్టుకుందట. పైన పొడుగుకాళ్ల ఫ్లెమింగో పక్షుల బారొకటి పోయింది. ఇన్నేళ్లుగా బురదలో వాటి పాదాల గుర్తులే ఎరుగును గానీ, రెక్కల కింద అంత ఎరుపుందని ఎరగనంది. అవి కనుమరుగయ్యేదాకా అలాగే ఉండిపోయింది. పొట్టమీంచి చిన్న అల ఒకటి ఎక్కి దిగింది. ఒడ్డుకొచ్చాక తడిబట్టలతోనే ఇసకలో కూర్చుండిపోయింది. కూర చల్లారిపోయింది.

చలికాలం వచ్చి మళ్లీ గుల్లల పని మొదలైంది. జాజియా వచ్చింది, వెనకటిలా కాదు. మడిచిన గోనెమీద మోకాలు ఆనించి తవ్వుతుంది. కాసేపటికోసారి లేచి, నడుంమీద చేతులు పెట్టుకుని వెనక్కి వాలి ఆకాశం చూస్తుంది. బరువుని రెండు చిన్న సంచుల్లో పంచి మోస్తుంది. మాకంటే తక్కువ తవ్వుతుంది. చలి ముదిరిన పొద్దుల్లో నడుం గొణుగుతూనే ఉంటుంది. ఆ రోజు చాపమీద ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

పోయిన వేసవిలో నాకూ తేలడం నేర్పమన్నాను. రెండుసార్లు మునిగి ఉప్పునీళ్లు తాగాను. మూడోసారి నా వీపు కింద ఆమె చెయ్యి తగిలింది, గరుకుగా, వెచ్చగా.

"అంత బిగుసుకుంటే ఎలాగే," అంది జాజియా. "పడిపోవడానికి ఇక్కడేముంది? అన్నీ నీళ్లే."