ఆవకాయ తిన్న నల్ల టోపీలవాళ్ళు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో శవాల గది బయట అరుగు మీద కూర్చుని ఇడ్లీలు తిన్నదాన్ని. ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా ఊళ్ళో డాక్టరుగా ఎంతోమంది పోవడం దగ్గరుండి చూశాను. పోయినవాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. కాబట్టి ఇది చదివి నన్ను దయ్యాలను నమ్మేవాళ్ళ కోవలో కలిపేయకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా అమ్మాయి మేఘన నర్సరీలో ఉన్నప్పుడు మా అమ్మ ఇక్కడికి వచ్చి, మాతోనే ఉండిపోయింది. ఆమెకు చావంటే భయం లేదు గానీ యమభటులంటే భయం. చిన్నప్పుడు విన్న హరికథల్లో వాళ్ళు మెడకు పాశం వేసి ముళ్ళ మీద ఈడ్చుకుపోయేవాళ్ళట. ఎనభై దాటినా ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. "గేదెను లాక్కెళ్ళినట్టు లాక్కుపోతారేమోనే" అనేది. నొప్పికైతే నా దగ్గర మందుంది గానీ దీనికి లేదు.

ఆ భయాన్ని పోగొట్టింది మేఘన. దానికి కొరియా పాటల పిచ్చి. సోఫాలో అమ్మమ్మ ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని ఆ వీడియోలు చూస్తుండేది. అమ్మకు భాష రాకపోయినా బొమ్మల సంగతి మొత్తం కావాలి. ఆ పులి ఎందుకు నవ్వుతోంది, చెట్టు మీద పిట్ట ఏం చెబుతోంది, మొహాలకు ఆ చెక్క ముసుగులేమిటి అంటూ ప్రాణం తీసేది. మేఘన వచ్చీరాని తెలుగులో ఓపిగ్గా చెప్పేది. పులి ఇంటికి కాపలా అట, పిట్ట చుట్టాలొస్తున్నారని కబురు తెస్తుందట.

ఒక వీడియోలో ఆడపిల్లలు పాత పెంకుటింటి వాకిట్లో డాన్స్ చేస్తుంటే వెనక నుంచి ముగ్గురు మగవాళ్ళు నడుచుకుంటూ వస్తారు. నల్లటి అంగీలు, గుర్రపు వెంట్రుకలతో అల్లిన వెడల్పాటి నల్ల టోపీలు. వాళ్ళు అక్కడి యమభటులని మేఘన చెప్పింది. చేతుల్లో పాశాలూ గదలూ ఏమీ లేవు. గడప ముందు మూడు గిన్నెల్లో అన్నం పెట్టి ఉంటుంది. అంతదూరం నడిచొచ్చారు గదా, కడుపునిండా తింటే మనిషిని మెల్లగా తీసుకెళ్తారని అలా పెడతారట. కొన్నిచోట్ల పక్కన బాగా ఉప్పగా ఉండేదేదో కూడా పెడతారట. దాహమేసి నీళ్ళకోసం ఆగితే ఇంట్లోవాళ్ళకు ఇంకాస్త సమయం దొరుకుతుందని.

అమ్మకు ఇది తెగ నచ్చింది. ఆ ముగ్గురినీ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసింది. "మనవాళ్ళకి ఎప్పుడైనా ఎవరైనా ఒక ముద్ద పెట్టారా? అందుకే వాళ్ళకంత కోపం" అంది. వట్టి ఉప్పుతో ఏమవుతుంది, ఆవకాయ వెయ్యాలని కూడా తేల్చేసింది. ఆ తర్వాత గేదె మాట ఆమె నోట మళ్ళీ వినలేదు.

మేఘన చదువుకోసం అడిలైడ్ వెళ్ళి, అక్కడ మాసన్ లేక్స్ అనే పేటలో ఉంటోంది. ఈ ఏడాది దాని యూనివర్సిటీ మొదలైన కొత్తల్లో, ఎండలు ఇంకా తగ్గక ముందే, అమ్మ గుండె బాగా నీరసించింది. ఆస్పత్రి వద్దంది. ఇంట్లోనే ముందు గదిలో మంచం వేశాం. ఒకరోజు పొద్దున ఆమె ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైంది. ఆ తీరు నాకు బాగా తెలుసు. మధ్యాహ్నం దాటదనుకున్నాను. మేఘనను తీసుకురావడానికి మా ఆయన బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు. ఎంత తొందరగా వచ్చినా సాయంత్రమే. అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల. కడసారి చూపు దక్కకపోతే జీవితాంతం కుమిలిపోతుందని నా భయం.

మేఘన విమానం ఎక్కబోతూ ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, ప్లీజ్, ఆ త్రీ బోల్స్ పెట్టు. అమ్మమ్మ చెప్పింది కదా. ఐ నో ఇట్స్ సిల్లీ. ఫర్ మీ, ప్లీజ్."

తిట్టబోయి ఆగాను. ఏడుస్తున్న పిల్లతో వాదనేమిటి? మూడు స్టీలు గిన్నెల్లో వేడన్నం, నెయ్యి, తలా ఒక ఆవకాయ ముక్క వేసి బయట మెట్టు మీద పెట్టాను. నా చదువు తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. పెట్టేది ఎవరికైనా, వట్టి అన్నం పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు.

మధ్యాహ్నానికి అమ్మ ఊపిరి కుదుటపడింది. మామూలుగా నిద్రపోతున్న మనిషిలా ఉంది. నేను నాడి పట్టుకునే కూర్చున్నాను. ఇలా అప్పుడప్పుడూ జరుగుతుంది, దీన్ని నేను వింతల్లో వెయ్యను.

కాసేపటికి గిన్నెలు తీయడానికి బయటికెళ్ళాను. ఖాళీగా ఉన్నాయి. పక్షుల పనే అనుకున్నాను. అయితే ప్రతి గిన్నె అంచునా శుభ్రంగా చీకిన ఆవకాయ టెంక ఒకటి పెట్టి ఉంది.

పక్కింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన, ఒకప్పుడు వ్యవసాయం చేసినవాడు, కంచె దగ్గరికొచ్చాడు. మీ ఇంటికొచ్చిన ముగ్గురూ నన్ను మంచినీళ్ళడిగారని చెప్పాడు. నోరు మండిపోతోందన్నారట. మంచి మర్యాదస్తులే గానీ ఈ ఎండలో ఆ నల్ల కోట్లేమిటని ఆశ్చర్యపోయాడు. వెడల్పు టోపీలు మా ఊళ్ళో మామూలే గనక వాటి గురించి పెద్దగా అనుకోలేదు. నీళ్ళు తాగి ఆయన పెరటి చెట్టు కింద కూర్చున్నారట. నేను తొంగిచూస్తే అక్కడ ఎవరూ లేరు.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

సాయంత్రం మేఘన వస్తూనే బ్యాగు గుమ్మంలో పడేసి అమ్మమ్మ పక్కన పడుకుంది. అమ్మ కళ్ళు తెరిచింది. జుట్టు నిమిరి, తలకు నూనె పెట్టుకోవడం లేదని కోప్పడింది. ఆమె తెలుగులో, ఇది ఇంగ్లీషులో, ఇద్దరూ ఏమేమో చెప్పుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను. పిల్లకు చూపు దక్కింది.

పొద్దు వాలుతుండగా అమ్మ నన్ను పిలిచింది. మొహంలో భయమన్నది లేదు.

"పిల్ల వచ్చిందిగా. పాపం, ఆ ముగ్గురినీ ఇంకా ఎంతసేపు చెట్టు కింద కూర్చోబెడతావే? లోపలికి రమ్మను" అంది.

ఆ గదిలోంచి పక్కింటి పెరడు కనపడదు. కంచె దగ్గరి మాటలు వినపడవు. ఎన్నోసార్లు ఆ మంచం ఉన్నచోట కూర్చుని చూశాను. మందుల మత్తు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, నేనూ పేషెంట్ల ఇళ్ళల్లో అదే మాట చెబుతాను. కానీ ఆ సాయంత్రం అమ్మకు ఆ మాట చెప్పలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు తీసి, పక్కకు తప్పుకుని నిలబడ్డాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.