చిన్నపాప స్కానింగు, నా పురుగుల ఉద్యోగం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మాటలు బాగా వచ్చుననే నమ్మకం ఒకటి ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో బెంగళూరుకు అవతల చింతామణిలోని ఒక పిల్లల ఆసుపత్రి నాకు జీతం ఇచ్చింది ఆ మాటలకే. కొందరు పిల్లలకు మూత్రం కిందికి పోవాల్సింది పోయి మళ్ళీ పైకి, మూత్రపిండాల్లోకి ఎక్కుతుంది. ఇంట్లో ఒకరికి ఉంటే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఉండొచ్చు. పైకి ఏమీ తెలియదు, లోపల మాత్రం మూత్రపిండం చెడిపోతూ ఉంటుంది. అందుకని అలాంటి ఇళ్ళకు వెళ్ళి, చక్కగా ఆడుకుంటున్న చిన్నపిల్లల్ని కూడా స్కానింగుకు తెమ్మని తల్లులను ఒప్పించాలి. (బాగున్న బిడ్డను ఆసుపత్రికి తెమ్మని చెప్పి చూడండి. బాగేపల్లిలో ఒకావిడ నాకు మజ్జిగ ఇచ్చి మరీ బయటికి పంపింది.) దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాను. "ఏమీ ఉండదక్కా, ఊరికే చూసుకునేది, అంతే" అనేదాన్ని. అలా చెప్పొద్దని మా డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపి, మళ్ళీ బస్సెక్కి అదే చెప్పేదాన్ని.

దిబ్బూరహళ్ళి పక్క పల్లెలో ఒక ఇంటి పెద్ద పిల్లాడికి ఈ జబ్బుకే మా దగ్గర వైద్యం జరుగుతోంది. వాడి చెల్లెలికి ఏడాదిన్నర. స్కానింగు చేసే డాక్టరు బెంగళూరు నుంచి నెలకు ఒక్కసారే వచ్చేవాడు. ఆ రోజు తల్లీబిడ్డలను వెంటబెట్టుకుని వెళ్దామని పొద్దున్నే వాళ్ళింటికి చేరాను. గడపలోనే అవ్వ ఆపింది. "పూలు తీసి రా పాపా, పురుగులకు వాసన పడదు" అంది. ఇల్లంతా పట్టుపురుగులే. తల్లి నన్ను చూసి చేతిలో పని ఆపలేదు.

"ఈ పొద్దు యాడికీ రాలేనమ్మా. పురుగులు పండినాయి. ఇప్పుడు ఏరకపోతే నెల కష్టమంతా మట్టిలో పోతాది. అవ్వకు కండ్లు ఆనవు, పాప నాయన తోటలో ఆకు కోస్తాండాడు."

"పాప బాగుండాదా?" అన్నాను.

"రెండు తూర్లు జ్వరమొచ్చినాది, అంతే."

"పండ్లొస్తాండాయి" అని అవ్వ సర్ది చెప్పింది.

ఊరకే వచ్చిపోయే జ్వరాలు ఈ జబ్బుకు గుర్తు కావచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. మళ్ళీ నెల దాకా ఆగితే ఆ మూత్రపిండం ఆగుతుందో లేదో. "నువ్వు పో అక్కా, ఏమీ ఉండదు, చూపించుకుని వచ్చేయ్. నీ బదులు నేను ఏరతాను" అనేశాను. (అప్పటిదాకా నేను వంకాయలో పురుగు కనిపిస్తే వంకాయనంతా పారేసే మనిషిని.) అవ్వ నన్ను కిందికీ పైకీ చూసి, "చేతులు కడుక్కో" అంది.

మేత మానిన పురుగు, తల పైకెత్తిన పురుగు, వెలుతురుకు పెడితే ఒళ్ళు పసుపు తేలి కనిపించే పురుగు పండినట్టట. అలాంటివి ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రికె అనే వెదురు తట్టలో వేయాలి. మొదటి పురుగు చల్లగా, మెత్తగా నా వేళ్ళ మధ్య మెలికలు తిరిగింది. నేనూ తిరిగాను. గంట గడిచేసరికి భయం పోయింది, దాంతోపాటు వివేకమూ పోయింది. చూసిన పురుగల్లా పండినట్టే కనిపించసాగింది. చకచకా ఏరి తట్టల మీద తట్టలు నింపాను. "బాగా చేస్తాండావు పాపా" అని అవ్వ మెచ్చుకుంది. ఆమెకు కళ్ళు ఆనవన్న సంగతి ఆ సంతోషంలో మరిచిపోయాను.

సాయంత్రం బస్సుకు తల్లి తిరిగొచ్చింది. బిడ్డను అవ్వ ఒళ్ళో పెట్టి నేరుగా తట్టల దగ్గరికి పోయింది. ఏమన్నారక్కా అని అడిగితే ఒక పురుగును ఎత్తి వెలుతురుకు పట్టింది.

"ఈటిని ఎవురు ఏసినారు? ఇది పచ్చిది. ఇదీ పచ్చిదే. పచ్చివి ఏస్తే గూడు కట్టవు, పక్క గూళ్ళను గూడా కరాబు చేస్తాయి. సదువుకున్నావు గదమ్మా, అంతమాత్రం తెలీలేదా?"

అలా ఒక్కో పచ్చి పురుగునూ తీసి పక్కన వేస్తూ నన్ను చాలాసేపు తిట్టింది. తిట్టడం ఆపకుండానే, అదే గొంతుతో, "పాపక్కూడా ఉండాదంట. ఒగ పక్క వాచి ఉండాదంట" అంది. చేతులు మాత్రం ఆగలేదు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఏమీ ఉండదని చెప్పి పంపినాను కదక్కా" అన్నాను.

"అట్ల చెప్పినావని పోయినా. ఉంటాదని చెప్పింటే బయపడి పోయేదాన్నే కాదు" అని ఒక తట్ట నా ముందుకు తోసింది. దీపాలు పెట్టే దాకా ఇద్దరం పచ్చివి ఏరుతూ కూర్చున్నాం.

తొందరగా కనిపెట్టారు కాబట్టి ఆ పాపకు రోజూ కాస్త మందుతోనే సరిపోయింది, మూత్రపిండం దక్కింది. ఆ తర్వాత నేను అబద్ధం మానేశాను. ఇప్పుడు ఆసుపత్రిలోనే కూర్చుని, వచ్చిన తల్లులకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని డాక్టరమ్మ నేర్పినట్టే నిజం చెబుతాను. అది విని కొందరు తల్లులు సరేనంటారు, ఆలోచించుకుని వస్తామని ఇంకొందరు లేచి వెళ్ళిపోతారు. వాళ్ళు గేటు దాటుతుంటే, పండిందేదో పచ్చిదేదో తెలియని అప్పటి నేను, ఆ అబద్ధాలకోరు పిల్ల, ఇప్పుడు ఇక్కడుంటే వీళ్ళను ఎలాగైనా స్కానింగు గది దాకా తీసుకెళ్ళేది కదా అనిపిస్తుంది.