ఇప్పచెట్టుకు తామర

నా చిన్నప్పుడు బడిగంట కొట్టే వేళకు నేను చెల్లెల్ని చంకనేసుకుని ఇప్పచెట్టు కింద ఉండేదాన్ని. రాలిన పూలను పశువులు తినకుండా కాయడం నా పని. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు అరవై దాటాయి. నిరుడు మా కోడలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది.

మాది పినపాక అవతల అడవి అంచు ఊరు. ఇంట్లో గింజలు నిండుకుంటే ఎండబెట్టిన ఇప్పపూలే మాకు తిండి. ఒక ఏడు పూత బాగా తగ్గింది. అడుగు కూడా నిండని గంప చూసి అమ్మ దిగులుపడేది. అప్పుడే నా చేతికి తామర లేస్తే అమ్మ కానుగ నూనె రాస్తోంది. చెట్టు మొదలు చూస్తే అచ్చం అలాంటివే, బూడిదరంగు గుండ్రటి మచ్చలు! చెట్టుకూ తామర పట్టింది, అందుకే పూయడం లేదనుకున్నాను. కొడవలితో అందినంతమేరా గీకేసి, ఇంట్లో ఉన్న నూనంతా పూశాను.

సాయంత్రం మా తాతయ్య వచ్చి చూసి పడీపడీ నవ్వాడు.

"ఏందే, చెట్టుకు తామరనా? గోక్కుందామంటే దానికి చేతులేవి?"

"మరి పూలెందుకు పూయలే తాతా?" అన్నాను ఏడుపుగొంతుతో.

"వానలు సరిగ పడలే, గందుకు." అప్పుడాయన నవ్వు ఆగింది. పైకొమ్మ మీద పువ్వు కొరుకుతున్న చిట్టెలుకను చూపించాడు. "అగో, గది ఉరుకుతది, కొరుకుతది, ఏడాదో రెండేండ్లో బతుకుతది. నువ్వు గీకింది రాతిపువ్వు, దానికీ పానమున్నది. చెట్టు మీద కూసుంటది గని చెట్టును తినదు. ఇంత మంచు, ఇంత ఎండ ఉంటే చాలు దానికి. నేను నీ అంతున్నప్పుడు గిది గోరంత. నిన్నటికి అరచెయ్యంత అయింది."

తాతయ్య కొడవలి లోతుగా దిగిన చోట బంకమట్టి మెత్తాడు. తిట్టి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్నేమో. ఆయన బతుకంతా పట్టి పెరిగినదాన్ని నేను ఒక్క పూటలో రాల్చేశాను. కదలకుండా ఉందని దేన్నీ చచ్చినదానికింద జమకట్టకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పటికీ తెలియనిదాని మీద చెయ్యి వేసే ముందు, దాన్ని నాకంటే ముందునుంచి చూస్తున్నవాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతుకుతాను.

మర్నాడు పొద్దున్నే చెట్టు చుట్టూ తిరిగి వెతికాను. కొడవలి అందని ఎత్తులో ఒక్క మచ్చ మిగిలింది. తాతయ్య భుజాలెక్కి, దానికి తగలకుండా పక్కన వేళ్లు ఆనించి, ఎంతుందో కొలుచుకున్నాను.