దొంగకి పిన్ను, కంపెనీకి పొడుపుకథ

నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ కథలో నా గ్రైండరు కొనకముందే పోతుంది.

మాచర్ల బస్టాండు ముందు నాది పునుగుల బండి. మా ఆయన పోయాక రోలూ నేనూ మిగిలాం. రుబ్బీ రుబ్బీ కుడి భుజం తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంటుంటే, గ్రైండరు కోసం ఫోను ఖాతాలో కొంచెం కొంచెం దాచాను. నాకు చదువు రాదు. అంకెలు మాత్రం బస్సు నంబర్లు చూసి పట్టుకున్నాను. ఆ అంకెలే కొంప ముంచాయి.

ఒకరోజు నూనె కాగుతుండగా ఫోను మోగింది.

"అమ్మా, కంపెనీ నుంచి. మీ ఖాతా ఆగిపోతోంది."

ఎవరితో మాట్లాడినా ముందు ఊరు అడగడం మా అలవాటు. అడిగి ఊరుకున్నా బాగుండేది.

"ఏ ఊరు నాయనా నీది? మా పుట్టిల్లు బెల్లంకొండ."

"అయ్యో, మాదీ బెల్లంకొండేనక్కా!"

చూశారా, ప్రశ్నా నేనే అడిగాను, జవాబూ నేనే అందించాను. పుట్టింటి ఊరివాడు అక్కా అన్నాక ఇంకేముంది? పీట వేయలేదు గానీ పిన్ను చెప్పాను. మెసేజీలో వచ్చిన అంకెలూ చదివాను. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని కూడా అడిగాను. బాగున్నారట. ఉండరా మరి!

కాసేపటికి ఫోను టింగుమంది. సగం డబ్బు లేదు. పక్క టీకొట్టు మస్తానమ్మ చూసి గుండె బాదుకుంది.

"ఏమే, నీ ఖాతా వాడి చేతిలోకి పోయిందే! కంపెనీకి ఫోన్ చేసి ఆపించు!"

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. నేను ఆరు నిమిషాలకే మొరిగాను. అటువైపు వినేవాళ్ళేరీ? ఒకటి నొక్కమన్నారు, తొమ్మిది నొక్కమన్నారు, ఆపైన సన్నాయి పెట్టారు. ఇల్లు తగలబడుతుంటే పెళ్ళిమేళం! చివరికి ఒకమ్మాయి పలికింది.

"ఖాతా మీదేనని రుజువుకి మీ భర్త పేరు చెప్పండి మేడం."

అంత కాపురంలో ఆయన పేరు ఒక్కనాడూ పలకలేదు. 'ఏవయ్యో' అంటే చాలు, పలికేవాడు.

"మొగుడి పేరు చెప్పగూడదమ్మా."

"మేడం, చెప్పకూడనిది పిన్ను. పేరు చెప్పొచ్చు."

"పోనీ గుర్తు చెబుతా. నరసరావుపేట పక్కన కొండమీద సామి లేడూ? తిరునాళ్ళకి ప్రభలు కడతారే, ఆ సామి పేరే."

"పొడుపుకథలు తీసుకోం మేడం."

"ఆ కొండ తెలవదా నీకు? ఏ ఊరే నీది?"

మస్తానమ్మ ఫోను లాక్కోబోయింది. "నే చెబుతా ఇయ్యి!"

"ఖాతాదారే చెప్పాలి," అంది అమ్మాయి.

ఫోను మళ్ళీ టింగుమంది. ఇంకొంత పోయింది.

"నువ్విట్టా సిగ్గుపడతా కూర్చో, చానా బాగుంది! గ్రైండరు పోయింది, ఇంక బండి కూడా పోద్ది!" అని అరిచింది మస్తానమ్మ.

కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. చెప్పబోయినదాన్ని పిలిచేశాను.

"కోటయ్యా!"

బస్టాండు ఒక్కసారి ఆగింది. పల్నాడులో కోటయ్యలకు కొదవా? ఆటోవాడు, కండక్టరు, పూలబండివాడు, బస్సు కిటికీలోంచి ఒక ముసలాయన.

"ఏంది పిన్నీ?"

"నన్నేనా పిలిచింది?"

నలుగురు కోటయ్యలు పలికారు, నేను పిలిచినవాడు తప్ప.

"థాంక్యూ మేడం. ఖాతా ఆపేశాం. పోయిన డబ్బు సంగతి ఏడు పనిదినాల్లో తెలియజేస్తాం," అంది అమ్మాయి. ఏ ఏడు రోజులో చెప్పలేదు. ఇప్పటికీ రోట్లోనే రుబ్బుతున్నాను.

నవ్వుకోండి, తప్పులేదు. దొంగకి అడగగానే అన్నీ ఇచ్చాను. ఆయన పేరు మాత్రం గౌరవమనుకుని దాచాను. తీరా పలికితే నోటికి ఎంత హాయిగా ఉందో! బతికుండగా ఒక్కసారి అట్లా పిలిచి ఉంటే, తిరిగి చూసేవాడు కదా.

కొండమీది స్వామి సాక్షిగా ఒట్టు. పుట్టింటి నుంచి సొంత తమ్ముడే ఫోన్ చేసినా పిన్ను చెప్పను. ఆయన పేరు అడిగితే మొదటిసారే చెబుతాను. కానీ బస్టాండులో మాత్రం అరవను. పిలిచినవాళ్ళను పెట్టకుండా పంపే అలవాటు మాకు లేదు. ఆరోజు నలుగురు కోటయ్యలకూ తలో పొట్లం పునుగులు కట్టి ఇవ్వాల్సివచ్చింది.