వేటకు పోయే దారిలో నల్లపిల్లి

మా చెల్లెలు చెన్నైలో ఇల్లు మారుతూ తన పిల్లిని, బాంబే అనే జాతిదాన్ని, నాకు అంటగట్టింది. ముక్కు కొస నుంచి అరికాళ్ల దాకా నలుపే, కళ్లు మాత్రం తోమిన రాగి రంగు. పొట్టి బొచ్చు కాబట్టి చాకిరీ తక్కువని నన్ను ఊరించింది. వారానికోసారి మెత్తని గుడ్డతో తుడిస్తే నిగనిగలాడుతుందట, ఎండలో మరీ తిరిగితే ఎర్రబారుతుందట. అసలు సంగతి మాత్రం చెప్పలేదు మహాతల్లి. ఈ జాతికి ఒంటరితనం గిట్టదు. నేను స్నానానికి పోయినా తలుపు బయట ఒకటే ఏడుపు.

మేముండేది మైపాడులో, చేపల వేటకు పోయేవాళ్ల వీధిలో. వల భుజాన వేసుకున్నాక నల్లపిల్లి ఎదురైతే ఇక్కడి మనిషి ఇంటికి తిరిగొచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే గానీ మళ్లీ కదలడు. పక్కింటాయన మొదటి రోజే చెప్పాడు.

"పడవలు పొయ్యేదాకా దాన్ని లోపల్నే పెట్టుకో అక్కా."

అప్పటి నుంచి తెల్లవారితే గడియ పెట్టడమే నా పని. అది తలుపుకూ కిటికీకీ మధ్య తిరుగుతూ అరుస్తుంది. గడియ కదిలితే పరుగెత్తుకెళ్లి పట్టుకుంటాను. వీధిలో మాటొస్తే దీన్ని వదులుకోవాల్సిందే. చెల్లెలు మళ్లీ తీసుకోదు. నేనా, అప్పటికే దీనికి అలవాటు పడిపోయాను.

ఒకరోజు పాల ప్యాకెట్ కోసం తలుపు తీశాను. అంతే, కాళ్ల సందులోంచి దూకి, వల భుజాన వేసుకుని వస్తున్న పక్కింటాయనకు సరిగ్గా అడ్డంగా పోయింది. ఆయన వెనక్కి తిరిగి, నీళ్లు తాగి, తన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నేను పరుగెత్తేసరికి ఇది ఆయన ఒళ్లో చేరి గుర్రుమంటోంది. ఒడ్డున మిగతా పడవల ఇంజన్లు మోగుతున్నాయి.

"దీన్ని ఎక్కడికైనా పంపించేస్తాను అన్నా," అన్నాను.

"యాడికి పంపిస్తావు? ఎదురొస్తేనే గదక్కా తప్పు! నేనే ఎత్తుకోని పోతే ఇంక ఎదురెట్టొస్తాది?"

ఒక భుజాన వల, ఇంకో భుజాన పిల్లి వేసుకుని బయలుదేరాడు. పడవ నీళ్లలోకి దిగాక ఆయన భార్య దాన్ని తెచ్చి నాకిచ్చింది. పడవ తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. సాయంత్రానికి వచ్చింది, ఎప్పటిలాగే.

ఇప్పుడు రోజూ అదే తంతు. ఆయన గొంతు వినపడగానే ఇది గడప దగ్గర సిద్ధం. ఒడ్డున ఎండకు చెవుల దగ్గర బొచ్చు కాస్త ఎర్రబారింది. నేను గుడ్డ పట్టుకుని పిలిస్తే వినదు. వాళ్లు వీధి మలుపు తిరిగాక ఇల్లు బోసిపోతుంది. కాఫీ కూడా సహించదు. అది తిరిగొచ్చేదాకా తలుపుకూ కిటికీకీ మధ్య నేను తిరుగుతూ ఉంటాను.